అలీసాగర్ పేరులో ఉన్న మనిషి



క్రిస్మస్ సెలవుల్లోనో, కొత్త సంవత్సరం నాడో, పిల్లల పరీక్షలు అయిపోయిన వేసవిలోనో, సద్దిమూటలు కట్టుకొని అలీసాగర్ వెళ్ళని కుటుంబం మన నిజామాబాదు పట్టణంలో అరుదు. గుట్టమీది అతిథి గృహం, చెట్లు, క్రింద నిండుగా నీళ్ళు. పులిహోర తిని, పిల్లల్ని ఆడించుకొని, ప్రొద్దు వాలాక ఇల్లు చేరుకుంటాము. అయితే ఎప్పుడైనా మీ పిల్లవాడు మీ చెయ్యి పట్టుకొని, ఈ అలీ ఎవరు అని అడిగాడా? అడిగితే మీరేమి చెప్పారు? ఎవరో నవాబు అయ్యుంటాడులే అని మాట దాటవేసి ఉంటారు. మనలో చాలామంది చేసే పని అదే.

ఆ అలీ రాజ్యాలు గెలిచిన నవాబు కాడు. ఆయన ఒక ఇంజనీరు. జీతం తీసుకొని పనిచేసిన ఉద్యోగి. పేరు మీర్ అహ్మద్ అలీ. ప్రభుత్వం ఇచ్చిన బిరుదుతో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌గా ప్రసిద్ధుడయ్యాడు. అలీసాగర్ ఆయన పేరుమీదనే వెలసిందని మన పెద్దలు చెబుతారు. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో ఈనాడు వరి పండుతున్నదన్నా, ఒకనాడు చెరకు తోటలు కనుచూపు మేర ఊగినవన్నా, ఆ పచ్చదనం వెనుక ఆ మనిషి గీసిన గీతలు ఉన్నాయి.

ఒక మంచి అధికారి ఎలా ఉండాలి? పదిమందిని కలుపుకొని పనిచేయడం అంటే ఏమిటి? క్రొత్త పని తలపెట్టినప్పుడు అందరి కళ్ళకు ఒకే కల కనిపించేట్లు చేయడం ఎలా? ఈ ప్రశ్నలకు పెద్ద పెద్ద పుస్తకాలు తిరగవేయనవసరం లేదు. మన కాలువ గట్టుమీద నడచి చూస్తే చాలు. రండి, ఈ వారం ఆ మనిషి జీవితాన్ని కలిసి చూద్దాము.

చదువు కోసం సముద్రం దాటి

అలీ నవాజ్ జంగ్ 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. తండ్రి మీర్ వాయెజ్ అలీ ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. కలిగిన ఇల్లే గాని, పిల్లవాణ్ణి పైకి తెచ్చినది ఇంటి ఆస్తి కాదు, చదువు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులో, మదరసా-ఎ-ఆలియాలో, ఆపైన నిజాం కళాశాలలో చదివారు. 1896లో ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనం మీద ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు.

ఆ కళాశాల సంగతి కొంచెం తెలుసుకోవాలి. భారతదేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టేందుకు ఆంగ్లేయ యువకులను తయారుచేయడానికి పెట్టిన కళాశాల అది. అంటే మన దేశపు కాలువలు ఎలా కట్టాలో అక్కడి పిల్లలకు నేర్పి ఇక్కడికి పంపేవారు. అటువంటి చోట హైదరాబాదు కుర్రవాడు కూర్చొని, వారితో సమానంగా చదివి, బహుమతులు గెలుచుకొని బయటకు వచ్చాడు.

1899లో స్వదేశానికి తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. విదేశీ పట్టా చేతిలో ఉన్నది గదా అని పై కుర్చీలో కూర్చోలేదు. మొదటి మెట్టు మీదనే నిలబడ్డారు. చీఫ్ ఇంజనీరు పదవి ఆయనకు 1918లో దక్కింది. ఈ మధ్యలో పందొమ్మిది సంవత్సరాలు! కొలతలు, లెక్కలు, పని స్థలాలు, క్రింది ఉద్యోగులతో రోజువారీ వ్యవహారం, ఇదంతా చేతితో తాకి నేర్చుకొనే కాలం అది. మేస్త్రీకి పనిలో ఎక్కడ కష్టమవుతుందో తెలియని అధికారి, ఆ మేస్త్రీ చేత మంచి పని చేయించలేడు. ఉద్యోగంలో చేరిన రెండవ ఏటనే మేనేజరు కావాలని తొందరపడే మన యువతీ యువకులు ఈ పందొమ్మిదేళ్ళను ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

పెద్ద చెట్టు ప్రక్కన

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలమంది చనిపోయారు. ఆ విపత్తు తర్వాత నగరాన్ని వరదల నుండి కాపాడే ఉపాయం చెప్పమని ప్రభుత్వం మైసూరు ప్రాంతానికి చెందిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. మూసీ మీద, ఈసీ మీద రెండు జలాశయాలు కట్టి వరదను పైననే పట్టి ఆపాలని ఆయన చెప్పారు. ఆ ఆలోచన నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఒకటి 1920లో పూర్తయింది. రెండవది అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉండగా 1927లో పూర్తయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. బయటినుంచి ఒక నిపుణుణ్ణి పిలిచినప్పుడు ఇంట్లో ఉన్నవారికి ఏమనిపిస్తుంది? మనకు చేతకాదనేనా పిలిచారు అని మూతి ముడుచుకొనేవారే ఎక్కువ. మన ఆఫీసుల్లో, బళ్ళల్లో, సంఘాల్లో జరిగేది చూస్తూనే ఉన్నాము గదా. ఒకరు వేసిన ప్రణాళికను మరొకరు మూలపడవేయడం, ముందటివాడు మొదలుపెట్టిన పనిని తరువాతివాడు ఆపివేయడం మనకు అలవాటే. హైదరాబాదు ఇంజనీర్లు అలా చేయలేదు. ఎవరి ఆలోచన అయితేనేమి, నగరానికి మేలు చేసేది గనుక ఆఖరి రాయి వరకు కట్టి చూపించారు.

అంతటితో అయిపోలేదు. 1929లో బొంబాయి ప్రభుత్వం సింధు ప్రాంతంలో సుక్కూరు వద్ద సింధునది మీద కడుతున్న పెద్ద బ్యారేజిని పరిశీలించి నివేదిక ఇవ్వమని ఇద్దరు ఇంజనీర్లను పిలిచింది. ఒకరు విశ్వేశ్వరయ్య గారు, రెండవవారు మన అలీ నవాజ్ జంగ్. ఇద్దరి మధ్య పదహారేళ్ళ తేడా. ఒకరు కన్నడ దేశంలో పెరిగినవారు, మరొకరు హైదరాబాదీ. భాష వేరు, మతం వేరు, కొలువు వేరు. అయినా ఒకే నివేదిక మీద రెండు సంతకాలు పడ్డాయి. ఒకనాడు పెద్దాయన వేసిన ప్రణాళికను అమలుచేసిన శాఖ నుంచే, ఆ పెద్దాయన ప్రక్కన సమానంగా కూర్చొని లెక్క చూడగల ఇంజనీరు వచ్చాడు. పెద్ద చెట్టు ప్రక్కన మొక్క ఎదగదని లోకం అంటుంది. ఈర్ష్య లేని చోట ఎదుగుతుంది సుమా!

మంజీర ఒడ్డున

మంజీర నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, బీదరు మీదుగా మెతుకుసీమలోకి వచ్చి, మన జిల్లా దాటి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. వానకాలంలో ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది. ఎండకాలంలో ఇసుక మిగులుతుంది. తరతరాలుగా మన రైతులు చెరువులు, కుంటలు త్రవ్వుకొని, ఒక చెరువు అలుగు పారితే క్రింది చెరువు నిండేట్లు గొలుసులాగా కట్టుకొని, ఆ కాసిని నీళ్ళను నీరడి చేత పంచుకొని బ్రతికారు. వాన తప్పితే గొలుసు మొత్తం ఎండేది.

ఆ నదిని అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య ఆపాలన్నది ఆలోచన. పని 1923లో మొదలైంది, 1931లో పూర్తయింది. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున రాతి ఆనకట్ట, దానిమీద బండ్లూ మోటార్లూ వెళ్ళేందుకు పద్నాలుగు అడుగుల దారి. కట్టిననాడు దాదాపు 30 టీఎంసీల నీరు నిలిచేది. దాని నుంచి బయలుదేరే ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. దానికి ఎనభైకి పైగా డిస్ట్రిబ్యూటరీలు. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. అదే మన నిజాంసాగర్. 2016లో జిల్లాలు విడిపోయాక ఆనకట్ట కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది గాని, ఆ నీళ్ళు త్రాగి పెరిగిన పొలాలు చాలావరకు మనవే.

ఈ అంకెలు చదివి మీరు పేజీ తిప్పవద్దు. వాటి లోపల ఒక గుణపాఠం ఉంది. ఆనకట్ట కట్టడం కష్టమే, కాని కాలువ నడిపించడం అంతకంటె కష్టం. ఆనకట్ట ఒకచోట ఉంటుంది. కాలువ వందలాది ఊళ్ళ గుండా పోతుంది. ఎక్కడ ఒక అడుగు ఎత్తు ఎక్కువైనా నీరు ఆగిపోతుంది. ఎక్కడ ఒక ఊరివారు గండి కొట్టినా చివరి ఊరు ఎండిపోతుంది. మోటారు లేకుండా, కరెంటు లేకుండా, కేవలం నేల వాలు మీద 155 కిలోమీటర్లు నీరు నడవాలంటే కొలిచినవాడు, త్రవ్వినవాడు, తూము కట్టినవాడు, షట్టరు దించే లష్కరు, తన వంతు కోసం రాత్రి కాపలా ఉండే రైతు, వీళ్ళందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్క మేధావి గదిలో కూర్చొని గీస్తే నీరు పారదు.

మరొక సంగతి. క్రొత్తది వచ్చిందని ఆ ఇంజనీర్లు పాతదాన్ని పూడ్చివేయలేదు. కాలువ దారిలో ఉన్న చెరువులను కాలువతో కలిపారు. అలీసాగర్, బోధన్ వద్ద బెల్లాల్ చెరువు వంటివి కాలువ నీటిని తమలో నింపుకొని, అవసరమైనప్పుడు క్రిందికి వదిలేవి. తాతల నాటి చెరువు, కొత్త కాలువ ఒకదానికొకటి చేయూత అయ్యాయి. క్రొత్త ఆలోచన అంటే పాతవారిని అవతలికి నెట్టడం కాదు, వారి చేతిలో ఉన్న తెలివిని క్రొత్త పనిలో కలుపుకోవడం. కంప్యూటరు వచ్చిన రోజున పాత గుమాస్తాను మూల కూర్చోబెట్టిన ప్రతి ఆఫీసు ఈ చెరువుల దగ్గర పాఠం నేర్చుకోవాలి.

కాలువ చివర చక్కెర

నీళ్ళు వచ్చాయి. తరువాత ఏమిటి? ఆబీ, తాబీ రెండు పంటల వరి వేసుకోవచ్చు. నిజమే. కాని అంత నీటికి, అంత ఖర్చుకు తగిన రాబడి కావాలంటే చెరకు వంటి పంట కూడ కావాలి. చెరకుకు ఏడాది పొడుగునా తడి ఉండాలి. ఆ తడి ఇప్పుడు కాలువలో ఉంది. అయితే చెరకుతో ఒక చిక్కు. వడ్లు గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగవచ్చు. చెరకు ఆగదు. కోసిన గడను ఎండలో పడవేస్తే రోజు రోజుకు బరువు తగ్గుతుంది, రసంలో తీపి విరుగుతుంది. కోసిన వెంటనే గానుగకో ఫ్యాక్టరీకో చేరాలి. అంటే పొలానికి దగ్గరలో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వరకు రోడ్డు, ఫ్యాక్టరీ నుంచి బజారుకు రైలు, వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగిలినవి దండుగ.

అందుకే బోధన్ కథ ఒక్క శాఖ కథ కాదు. నీటిపారుదల శాఖ కాలువ ఇచ్చింది. 1929లో ఏర్పడిన పారిశ్రామిక నిధి నుంచి ప్రభుత్వం పెట్టుబడి పెట్టింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 1938లో జానకంపేట నుంచి బోధన్‌కు రైలు మార్గం వచ్చింది. ఫ్యాక్టరీ తన సొంత ఫారాలలో వేల ఎకరాల చెరకు వేసింది, రైతుల దగ్గర మరింత కొన్నది. ప్రక్కన శక్కర్‌నగర్ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు పొందింది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం పనిచేసింది.

ఫ్యాక్టరీని అలీ నవాజ్ జంగ్ కట్టించారని చెప్పడం లేదు. ఆయన శాఖ తన పని సరిగా చేసినందువల్ల మరొక శాఖకు పని దొరికింది. అది మరొకరికి దారి చూపింది. మంచి నాయకుని గుర్తు ఇదే. తన పని పూర్తయిన చోట ఇతరుల పని మొదలవుతుంది. తన పని పూర్తయిన చోట తన బొమ్మ మాత్రమే నిలబెట్టుకొనేవాడు నాయకుడు కాడు.

నీళ్ళ కబురు విని కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుంచి రైతులు రైలెక్కి వచ్చారు. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరి తాతలు, ముత్తాతలు ఆ వచ్చినవారిలో ఉండవచ్చు. వారికి కాలువ క్రింద సాగు తెలుసు. ఇక్కడివారికి ఈ నేల తెలుసు. మొదట్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకొన్నారు. మాట యాస వేరు, కూర వండే తీరు వేరు. కాని ఒకే తూము దగ్గర రాత్రులు గడిపినవారు ఎన్నాళ్ళని దూరంగా ఉంటారు? ఈనాటికీ ఆ క్యాంపుల పేర్లు మన పటంలో ఉన్నాయి. మన విచారణల్లో పూజకు వచ్చేవారి యాసలు వింటే ఆ చరిత్ర వినబడుతుంది.

పొరుగువారితో పంపకం

నీరు ఒక్క ఊరిది కానట్లే, నది ఒక్క రాజ్యానిది కాదు. తుంగభద్ర అప్పట్లో హైదరాబాదు సంస్థానానికి, మద్రాసు రాష్ట్రానికి మధ్య సరిహద్దుగా పారేది. ఇటు రాయచూరు ఎండుతున్నది, అటు బళ్ళారి, అనంతపురం, కర్నూలు ఎండుతున్నాయి. మధ్యలో నది పారుతున్నది! ఎవరికెంత అన్న తగవు దశాబ్దాల పాటు సాగింది. ఆ చర్చలలో హైదరాబాదు పక్షాన ముందుండి నడిచిన ఇంజనీర్లలో అలీ నవాజ్ జంగ్ ఒకరు. చివరకు 1944లో ఒప్పందం కుదిరింది. ఇరువురికీ చెరి 65 టీఎంసీలు. 1945 ఫిబ్రవరిలో పని మొదలైంది. నదికి ఆ ఒడ్డున ఒక ప్రభుత్వం, ఈ ఒడ్డున ఒక ప్రభుత్వం, మధ్యలో ఒకే ఆనకట్ట. రెండు వైపుల నుంచి కట్టుకుంటూ వచ్చి నడుమ కలవాలి. 1953లో ఆ ఆనకట్ట నీళ్ళిచ్చింది.

ఇక్కడ ఒక మాట గమనించండి. తగవులో గెలవడం వేరు, తగవు తీర్చడం వేరు. మొత్తం నీరు మాకే అని పట్టుపట్టిన ఏళ్ళన్నీ నది సముద్రంలోకే పోయింది. సగం సగం అని ఒప్పుకొన్ననాటి నుంచే ఇరువైపులా పొలాలు పండడం మొదలుపెట్టాయి. అన్నదమ్ముల మధ్య బావి నీటి తగవుతో కోర్టు మెట్లెక్కిన కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్ని లేవు? వకీళ్ళకు పోసిన డబ్బుతో రెండు బావులు త్రవ్వుకొనేవారు!

అంతకు ముందే, 1938లో కాంగ్రెసు జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పరచింది. జవాహర్‌లాల్ నెహ్రూ దాని అధ్యక్షుడు. దేశానికి స్వాతంత్ర్యం వస్తే ఏ రంగంలో ఏమి చేయాలో ముందుగానే ఆలోచించేందుకు ఉపసంఘాలు వేశారు. నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షుడుగా అలీ నవాజ్ జంగ్ పనిచేశారు. నిజాం కొలువులో ఎదిగిన మనిషి, కాంగ్రెసు వారి సంఘంలో కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. తన రాజ్యం సరిహద్దు దగ్గర ఆగని చూపు అది. ఆయన 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తుంగభద్ర నీళ్ళు పారడం చూడలేదు. విత్తినవాడే కోయాలని ఎక్కడుంది?

లెక్కలో చేరవలసిన కన్నీళ్ళు

ప్రియ పాఠకులారా, పొగడ్త ఒక్కటే చెప్పి ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. నిజాంసాగర్ నీళ్ళ క్రింద దాదాపు నలభై ఊళ్ళు మునిగాయి. నలభై ఊళ్ళంటే ఎన్ని పొయ్యిలు, ఎన్ని సమాధులు, ఎన్ని రచ్చబండలు, ఎన్ని చింతచెట్లు! రాచరికపు రోజుల్లో ఆ ఊళ్ళవారిని అడిగి ఆనకట్ట కట్టలేదు. పొమ్మన్నారు, పోయారు. నీళ్ళు వచ్చాక కూడ అందరికీ సమానంగా మేలు జరగలేదు. నీటి విలువ ముందుగా తెలిసినవారు, చేతిలో నాలుగు డబ్బులున్నవారు భూములు కొనుక్కొన్నారు. అప్పుల్లో ఉన్న చిన్న రైతు తక్కువ ధరకు అమ్ముకొని, తన పొలంలోనే కూలికి వెళ్ళాడు.

ఇది ఒక్క ఇంజనీరు తప్పు అనడం న్యాయం కాదు. కాని ఉమ్మడి కల అని మనం గొప్పగా చెప్పుకొనేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగాలి. ఆ కలను కనమని ఎవరెవరిని పిలిచారు? ఎవరిని పిలవలేదు? ఇల్లు కట్టేటప్పుడు భార్యను అడగని భర్త, బడి మార్చేటప్పుడు పిల్లవాణ్ణి అడగని తండ్రి, కొత్త యంత్రం తెచ్చేటప్పుడు పనివారిని అడగని యజమాని, తీర్మానం వ్రాసుకొని వచ్చి సంతకాలు మాత్రం పెట్టమనే సంఘ పెద్ద, వీరందరూ మంచి పనే చేస్తుండవచ్చు. అయినా ఆ మంచి పని క్రింద ఎవరిదో ఒక ఊరు మునుగుతూనే ఉంటుంది. ముందే అడిగితే ఊరు మునగకపోవచ్చు, లేదా మునిగేవారికి ముందుగా మంచి నేల దొరకవచ్చు.

కట్టినవారి తరువాత

ఇక మన తరం సంగతి. కట్టిననాడు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్‌లో ఏటా మంజీర తెచ్చిన నల్లమట్టి పేరుకొన్నది. పైన అడవులు నరికిన కొద్దీ మట్టి ఎక్కువైంది. 1970ల నాటికి జలాశయం సగానికి పైగా పూడిపోయింది. ఆ దశాబ్దంలో మట్టం పెంచే పని చేసి 17.8 టీఎంసీలకు తెచ్చారు. తరువాత ఎగువన సింగూరు వచ్చింది, దాని నీళ్ళు హైదరాబాదు దాహానికి వెళ్ళాయి. కాలువ చివరి ఊళ్ళవారు ఆకాశం వంక చూడవలసి వచ్చింది. చివరకు గోదావరి నుంచి మోటార్లతో నీళ్ళెత్తి పోసే ఎత్తిపోతల పథకం వచ్చింది. చిత్రం చూడండి, దానికీ అలీసాగర్ పేరే పెట్టారు! వాలు మీద నీరు నడిపించిన మనిషి పేరు, నీటిని పైకెత్తే మోటార్లకు.

ఫ్యాక్టరీ కథ మీకు తెలిసినదే. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సైరను మూగబోయింది. చెరకు వేసినవారు వరికి మారారు. పండుగ పూట ఇంటికి జీతం తేవలసిన మనిషి ఖాళీ చేతులతో వచ్చిన ఇండ్లు శక్కర్‌నగర్‌లో ఎన్నో. మళ్ళీ తెరిపించాలన్న మాట ఆ తరువాత ఎన్నోసార్లు వినబడింది.

ఎందుకిలా అయిందని కారణాలు వెదికేవారు ఒకరు ప్రభుత్వాన్ని, ఒకరు యాజమాన్యాన్ని, ఒకరు సంఘాలను, ఒకరు రైతులను వేలెత్తి చూపుతారు. ఎవరి మాటలో ఎంత నిజముందో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. కాని ఒక సంగతి మాత్రం కళ్ళముందు ఉంది. కాలువ, చేను, రోడ్డు, రైలు, ఫ్యాక్టరీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొన్నంత కాలం ఈ సీమ తీపిగా ఉన్నది. ఒక్కొక్క చెయ్యి వదలిన కొద్దీ తీపి తగ్గింది. కట్టడానికి ఎనిమిదేళ్ళు చాలాయి. కాపాడుకోవడానికి తరతరాల శ్రద్ధ కావాలి. పూడిక ఒక్కరోజులో చేరదు. రోజుకొక పిడికెడు చేరుతుంది. ఆఫీసులోనూ అంతే, ఇంట్లోనూ అంతే. చెప్పుకోని చిన్న కోపం, సరిచూడని చిన్న లెక్క, అభినందించని చిన్న మంచిపని, ఇవన్నీ అడుగున పేరుకొనే మట్టి. పైకి నీరు నిండుగానే కనిపిస్తుంది. వేసవి వచ్చాక గదా లోతు తెలిసేది!

మీ తూము దగ్గర

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక, అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జూలై 11ను ప్రభుత్వం తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించింది. దేశం విశ్వేశ్వరయ్య గారి పేరున సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం చేసుకొంటుంది. ఒకే నివేదిక మీద సంతకాలు చేసిన ఆ ఇద్దరికీ ఏడాదిలో చెరొక రోజు దక్కింది. ఒకరి రోజు రెండవవారి రోజును తగ్గించలేదు. గౌరవం కూడ నీళ్ళవంటిదే, పంచుకుంటే తరగదు.

మీరు ఇంజనీరు కాకపోవచ్చు. బీడీలు చుట్టే ఖార్ఖానాలో మేస్త్రీ కావచ్చు. బడిలో ప్రధానోపాధ్యాయురాలు కావచ్చు. ఆసుపత్రిలో నర్సులకు పెద్ద కావచ్చు. గల్ఫులో పదిమంది కూలీలమీద ఫోర్‌మన్ కావచ్చు. మహిళా సంఘం లెక్కలు వ్రాసే అమ్మ కావచ్చు. నలుగురు మీ మాట వినే చోటు ఏదైనా మీ తూమే. ఆ తూము దగ్గర మిమ్మల్ని మీరు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. నాకంటె తెలిసినవారు వచ్చినప్పుడు నేను ప్రక్కకు జరిగి చోటిస్తున్నానా? నా పని ముగిసిన చోట మరొకరి పనికి దారి ఉందా? పాతవారి తెలివిని క్రొత్త పనిలో కలుపుకొన్నానా? నా ప్రణాళిక క్రింద ఎవరి ఊరైనా మునుగుతున్నదా, వారిని ముందుగా అడిగానా? కాలువ చివరన ఉన్న చిట్టచివరి మనిషికి నీరు అందుతున్నదా?

ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటె పెద్దది. తూము దగ్గర ఉన్న పొలం ఎలాగూ తడుస్తుంది. కాలువ బాగుందా లేదా అని చివరి పొలంలోనే చూడాలి. మీ క్రింద పనిచేసేవారిలో అందరికంటె తక్కువ జీతం తెచ్చుకొనే మనిషి మీ గురించి ఇంట్లో ఏమి చెబుతున్నాడో, అదే మీ నాయకత్వానికి కొలత.

ఈసారి అలీసాగర్ వెళ్ళినప్పుడు, గుట్ట ఎక్కి నీటి వంక చూస్తూ మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. ఈ అలీ ఎవరు అని వారు అడిగితే, ఇక మాట దాటవేయనవసరం లేదు. పదిమందితో కలిసి పనిచేసిన ఒక ఇంజనీరు అని చెప్పండి. మునిగిన నలభై ఊళ్ళ మాట కూడ మరువకుండా చెప్పండి.